బాలు గారి గొంతుతో పాట వద్దు

అన్నలూ, తమ్ముళ్లూ, రాత్రి గ్రూపులో పెట్టిన మన గణేశ్ మండపం పాట విన్నాను, ఏఐతో బాలు గారి గొంతు భలే దింపారు కానీ దాన్ని మైకులో వేయొద్దు, యూట్యూబ్‌లో అసలే పెట్టొద్దు. హనుమకొండలో మనల్ని ఎవరు పట్టించుకుంటారు అనకండి. ఇలాగే అడక్కుండా ఆయన గొంతు వాడుకున్నారని ఒక తెలుగు సినిమా వాళ్లకు ఆయన కొడుకు చరణ్ గారు లీగల్ నోటీసు పంపారు. 2024లో అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు కూడా, అనుమతి లేకుండా ఆయన గొంతును ఏఐతో తయారు చేయొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గొంతుకు కాపీరైట్ ఉండదు, నిజమే, కానీ కోర్టులు దాన్ని ఆ మనిషి వ్యక్తిత్వ హక్కులో, అంటే తన పేరు, ముఖం, గొంతు ఇతరులు అడక్కుండా వాడుకోకూడదనే హక్కులో భాగంగా చూస్తున్నాయి. పైగా మన పాటలో స్పాన్సర్ దుకాణం పేరు కూడా ఉంది, అంటే పోయిన మనిషితో యాడ్ చెప్పించినట్టే కదా!

మిమిక్రీ వేరే ముచ్చట. నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు మనది, ఆయన స్టేజీ మీద నిలబడి చేస్తుంటే అది అనుకరణ అని అందరికీ తెలిసేది. రెహమాన్ కూడా చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో వాడారు, కాకపోతే వాళ్ల కుటుంబాలను అడిగి, డబ్బులిచ్చి.

ట్రాక్ మాత్రం బాగుంది, ఉంచండి. మన కాలనీలో పాడేవాళ్లు ఎవరున్నారో పేర్లు చెప్పండి, ఆదివారం రికార్డు చేద్దాం.