డబ్బు కట్టి చుట్టాలమయ్యాం

సంపాదకుడు గారికి,

"ఎవరైనా అడిగితే ఓనరు గారి చుట్టాలమని చెప్పండి సార్." దసరా సెలవుల్లో విశాఖపట్నంలో రత్నాచల్ రైలు దిగి, యాప్‌లో రోజు అద్దెకు తీసుకున్న స్టూడియో ఫ్లాటుకు చేరగానే వాచ్‌మన్ అన్న మొదటి మాట ఇది. మూడు రోజులకూ డబ్బు ముందే కట్టాం, రసీదు ఫోన్లో ఉంది. అయినా లిఫ్టు దగ్గర అసోసియేషన్ పెద్దాయన "ఎవరింటికండీ?" అంటే నాకు నోట మాట రాలేదు. ముప్పై రెండేళ్లు బడిలో అబద్ధమాడొద్దని పిల్లలకు చెప్పినవాణ్ని. మా ఆవిడే అందుకుని "మా తమ్ముడి ఫ్లాటండీ" అనేసింది.

నిజానికి ఆ ఫ్లాటు మాకు భలే నచ్చింది. ఉన్నది ఒకటే గది. ఓ మూల గట్టు మీద ఇండక్షన్ పొయ్యి, కింద చిన్న ఫ్రిజ్, ఒక మంచం, లాగితే మంచమయ్యే సోఫా. రోజుకు రూ.1,800. మేమిద్దరం, మా అమ్మాయి, ఏడాదిన్నర మనవడు. ఇదే నలుగురికి హోటల్లో రెండు గదులు తీసుకోమన్నారు. మా ఆవిడకు షుగరు, బయటి తిండి వరసగా రెండు పూటలు పడదు. ఎంవీపీ కాలనీ రైతుబజారుకెళ్లి దొండకాయలు, తోటకూర తెచ్చుకుని వండుకున్నాం. అర్ధరాత్రి పిల్లాడు లేస్తే పాలు కాచడానికి ఎవర్నీ లేపనక్కర్లేదు. మధ్యాహ్నం వాణ్ని ఓ కునుకు తీయించి, సాయంత్రం కురుసుర జలాంతర్గామి చూసి, ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిని వచ్చాం.

రెండో రాత్రి పదకొండింటికి మా గదిలో మాత్రమే కరెంటు పోయింది. ఫోన్ చేస్తే ఓనరు బెంగళూరులో ఉన్నాడు. మీటర్ల గది తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఫోన్ ఎత్తడు. ఆ ఉక్కలో గంటన్నర సేపు పిల్లాడికి మీ పత్రికతోనే విసిరాం, ఏమీ అనుకోకండి. పక్క ఫ్లాటు తలుపు కొడదామంటే మా చుట్టరికం బయటపడుతుందని భయం. ఆ రాత్రి ఏ నిప్పో అంటుకుని ఉంటే, మేం లోపలున్నామని చెప్పే రిజిస్టరు ఆ భవనంలో లేదు. మా ఆధార్ ఫొటోలున్నది ఓనరు వాట్సాప్‌లోనే. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపితే కుదరదని పూర్తిది పెట్టించుకున్నాడు.

అసోసియేషన్ వాళ్లదీ తప్పనను. వారానికో కొత్త మొహం, వేళాపాళా లేకుండా సూట్‌కేసు చక్రాల చప్పుడు. మా వీధిలో అయితే నేనే ముందు గొడవకు పోయేవాణ్ని.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో గుర్తింపు రావాలంటే ఓనరు కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరు దాటకూడదు. బెంగళూరు ఓనరు అందులోకి రాడు. పోనీ లాడ్జి అనుకుందామంటే రిసెప్షన్ లేదు, బోర్డు లేదు. బుకింగ్ బిల్లులో మాత్రం రోజుకు రూ.90 జీఎస్టీ ఠంచనుగా పడింది. పన్ను కట్టేటప్పుడు అతిథులం, లిఫ్టు ఎక్కేటప్పుడు చుట్టాలం!

ఈ ఫ్లాట్లను మూయించమని నేను అడగడం లేదు. స్థానికులకే అద్దె ఇళ్లు దొరకడం లేదని బార్సిలోనా నగరం 2028 నవంబరు నాటికి పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామని 2024లో ప్రకటించింది. మేం దిగినదానికి ఎత్తేయడానికైనా లైసెన్సు ఉంటే కదా. నగరపాలక సంస్థ ఇలాంటి ప్రతి ఫ్లాటుకూ ఓ నంబరు ఇచ్చి, దాన్ని తలుపు మీదా, యాప్‌లో ప్రకటనలోనూ వేయించాలి. అదీ అసోసియేషన్ ఒప్పుకున్న భవనాల్లోనే. రాత్రి పిలిస్తే అరగంటలో రాగలిగే మనిషి పేరు, ఫోన్ నంబరు తలుపు లోపలివైపు అంటించి ఉండాలి. వచ్చినవాళ్ల పేర్లు కింద వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో రాయాలి.

సంక్రాంతి సెలవులకు మళ్లీ వెళ్దామని మా అమ్మాయి అప్పుడే అంటోంది. ఆ ధరకు మాకు ఆ ఫ్లాటే గతి. ఈసారి ఓనరు గారికి నేను వరసకు ఏమవుతానో ముందే అడిగి పెట్టుకోవాలి.

— ఒక రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం