ఆసుపత్రి ఐటీ హెడ్‌ని వెండర్ల వరుసలో చేర్చారు: సభ్యత్వ విభాగానికి ఫిర్యాదు

గుంటూరు

సభ్యత్వ విభాగాధిపతి గారికి,
నకలు: సంఘం ప్రధాన కార్యదర్శి గారికి

విషయం: ఆసుపత్రుల ఐటీ సారథుల సంఘంలో పూర్తి సభ్యత్వం అని చెప్పి రుసుము కట్టించుకుని అసోసియేట్ (కంపెనీల ప్రతినిధుల) కేటగిరీలో చేర్చడం, నా ఫోన్ నంబరు నా అనుమతి లేకుండా కంపెనీలకు ఇవ్వడం.

అయ్యా,

నేను గుంటూరులో 220 పడకల ప్రైవేటు ఆసుపత్రికి ఐటీ చూస్తున్నాను. అపాయింట్‌మెంట్ ఆర్డరులో నా హోదా 'మేనేజర్, ఐటీ'. నా పైన ఐటీ తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి, బ్యాకప్ ఎక్కడ ఉండాలి, ఎన్టీఆర్ వైద్య సేవ ప్రీఆథ్‌కి (చికిత్సకి ముందస్తు అనుమతికి) స్కాన్లు అప్‌లోడ్ కాకపోతే ఎవరు లేచి చూడాలి, అన్నీ నా మీదే. ఏదైనా ఆగిపోతే మెడికల్ సూపరింటెండెంట్ గారు నేరుగా నాకే ఫోన్ చేస్తారు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో సీఐఓ (చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్) అని పిలిచేది ఈ పనినే.

మీ సంఘంలో చేరాలనుకోవడానికి నాకొక గట్టి కారణం ఉంది. మీ నిర్ణయం నా మీద ఎలా పడిందో అర్థం కావాలంటే అది తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

స్కాన్ల బొమ్మలు దాచి, తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్‌ని పాక్స్ అంటారు. మా పాక్స్ కంపెనీతో ఒప్పందం ముగింపుకొచ్చింది. వేరే దానికి మారదామంటే, ఏళ్ల తరబడి తీసిన సీటీలు, ఎంఆర్‌ఐలు అన్నీ వాళ్ల ఆర్కైవ్‌లోనే ఉన్నాయి. స్కాన్ బొమ్మల కోసం ఉన్న డైకామ్ ప్రమాణం ఆ పేరుతో 1993 నుంచీ ఉంది. ఒక కంపెనీ మెషీన్ తీసిన బొమ్మని ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరవగలగాలన్నదే దాని ఉద్దేశం. అయినా మా వెండర్ ఆ బొమ్మల్ని తన సొంత పద్ధతిలో దాచుకున్నాడు. బయటికి తీసి ఇవ్వాలంటే ఒక్కో స్టడీకి, అంటే ఒక్కో స్కాన్‌కి, ఇంత అని రేటు చెప్పాడు. బేరం నడుస్తుండగానే పాత ఆర్కైవ్ లైసెన్సు ఆపేశాడు.

ఆ వారంలోనే ఒక రాత్రి బాత్రూంలో జారిపడి తలకి దెబ్బ తగిలిన పెద్దాయన్ని క్యాజువాలిటీకి తెచ్చారు. సీటీలో రక్తపు గడ్డ కనిపిస్తోంది. అది ఇప్పటిదా, ఇదివరకటిదా అన్నది డ్యూటీ డాక్టరుకి తేలాలి. పెద్దాయనకి రెండేళ్ల కిందట మా దగ్గరే సీటీ తీశారు. పాక్స్‌లో పేరు ఉంది, తేదీ ఉంది, నొక్కితే మాత్రం బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గడి, దాని కింద లైసెన్సు గడువు ముగిసిందన్న ఒక్క లైను. డాక్టరు నా వైపు చూశారు. ఆ చూపుకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. పెద్దాయన కొడుకు ఇంటికి పరుగెత్తి బీరువాలోంచి పాత ఫిల్ముల కవరు తెస్తే, వాటిని వ్యూ బాక్స్ మీద పెట్టి పక్కపక్కన చూసుకుని వైద్యం మొదలుపెట్టారు. అదృష్టవశాత్తూ పెద్దాయన కోలుకున్నారు. ఆ కుటుంబం ఫిల్ములు పారేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఇలాంటి వెండర్‌తో ఇంకో ఆసుపత్రి ఎలా నెగ్గుకొచ్చింది? ఒప్పందంలో డేటా తిరిగివ్వాలన్న క్లాజు ఎలా రాయించుకున్నారు? తరలింపుకి నిజంగా ఎంత ఖర్చవుతుంది? ఇవి పుస్తకాల్లో దొరకవు, వెండర్లు చెప్పరు. నాలాంటి కుర్చీలో కూర్చున్న ఇంకో మనిషి, వెండర్లు లేని చోట, మనసు విప్పి చెబితేనే తెలుస్తాయి. మీ బ్రోచర్‌లో రాసింది కూడా అదే: ఆసుపత్రుల ఐటీ సారథులు కంపెనీల ఒత్తిడి లేకుండా మాట్లాడుకునే వేదిక.

అది చదివి మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మాట్లాడినావిడ మర్యాదగానే మాట్లాడారు, ఆవిడ మీద నాకే కోపమూ లేదు. నా హోదా, పడకల సంఖ్య, నేను చేసే పని అన్నీ చెప్పి, 'నాకు పూర్తి సభ్యత్వం వస్తుందా, సీఐఓల క్లోజ్డ్ గ్రూపులో చేరుస్తారా' అని అడిగాను. 'తప్పకుండా సార్, ఆసుపత్రిలో ఐటీ హెడ్ అయితే చాలు' అన్నారు. అదే మాట వాట్సాప్‌లో కూడా పంపారు. దాన్ని నమ్మి రూ. 15,000 రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 2,700, మొత్తం రూ. 17,700 నా సొంత ఖాతాలోంచి కట్టాను. ఇలాంటి వాటికి మా ఆసుపత్రి డబ్బు ఇవ్వదు.

ఆ తర్వాత వచ్చిన స్వాగత మెయిల్‌లో నన్ను 'అసోసియేట్' అన్నారు. దానికి జతచేసిన నిబంధనలు చదివితే, ఆ కేటగిరీ సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ కంపెనీల ప్రతినిధులకూ, కన్సల్టెంట్లకూ ఉద్దేశించింది. ఓటు లేదు. క్లోజ్డ్ గ్రూపులోకి ప్రవేశం లేదు. ఇంకో విషయం అసోసియేట్ల గ్రూపు సభ్యుల జాబితా తెరిచాక తెలిసింది: నేనెవరి గురించి నలుగురిని అడుగుదామని చేరానో, ఆ పాక్స్ కంపెనీ రీజినల్ మేనేజరు కూడా అందులో అసోసియేటే. ఇప్పుడు నేను అక్కడ నోరు తెరిచి ఏం అడగాలి?

కారణం అడిగితే మీ విభాగం ఇచ్చిన జవాబు రెండు ముక్కలు. నా హోదాలో 'చీఫ్' అనే మాట లేదట. మా ఆసుపత్రికి 500 పడకలు లేవట. ఈ రెండు షరతులూ బ్రోచర్‌లో లేవు, దరఖాస్తులో లేవు, ఫోన్లో చెప్పలేదు, డబ్బు కట్టే పేజీలోనూ లేవు. దరఖాస్తులో హోదా దగ్గర మీరిచ్చిన డ్రాప్‌డౌన్‌లో సీఐఓ, సీటీఓ, సీఐఎస్‌ఓ అనే 'చీఫ్' హోదాలు మూడూ, 'ఇతరులు' అన్నదీ, మొత్తం నాలుగే ఉన్నాయి. జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో ఐటీ నడిపేవాళ్లలో ఎక్కువమంది హోదాలు మేనేజర్, సిస్టమ్స్ ఇన్‌చార్జ్, ఏజీఎం ఇలాగే ఉంటాయి. అలాంటివాళ్లకి మీరు వదిలిన దారి 'ఇతరులు' ఒక్కటే, ఆ దారి వెళ్లి తేలేది వెండర్ల కేటగిరీలో.

సభ్యత్వానికి హద్దులు పెట్టుకోవద్దని నేను అనడం లేదు. అమెరికాలో 1992లో మొదలైన చైమ్ కూడా సీఐఓల కోసం పుట్టిన సంఘమే. అక్కడ కంపెనీలకి ఫౌండేషన్ అని వేరే ఏర్పాటు ఉంది. మీరూ అదే నమూనా అని మీ బ్రోచర్‌లో రాసుకున్నారు. ఆ నమూనాలో అసలైన గీత ఆసుపత్రి తరఫున నిర్ణయం తీసుకునేవాళ్లకీ, ఆసుపత్రికి సరుకు అమ్మేవాళ్లకీ మధ్య ఉంటుంది. మీరు ఆ గీతని తెచ్చి పెద్ద ఆసుపత్రికీ చిన్న ఆసుపత్రికీ మధ్య గీశారు. దాంతో నేను అవతల, అమ్మేవాళ్ల పక్కన పడ్డాను.

పడకల లెక్క మీద మరో మాట. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం సైబర్ దాడి జరిగితే, గమనించిన ఆరు గంటల్లో ఆ సంస్థకి తెలియజేయాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఏం జరిగిందో చెప్పే రికార్డులు) 180 రోజులు భద్రపరచాలి. 500 పడకల లోపు ఆసుపత్రికి అందులో మినహాయింపు లేదు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుకి రికార్డు జోడించేటప్పుడు మా ఓపీ కౌంటర్ చేసే పనీ, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి కౌంటర్ చేసే పనీ ఒకటే. తేడా ఏమిటంటే వాళ్లకి సెక్యూరిటీకి ఒక టీమ్, నెట్‌వర్క్‌కి ఒక టీమ్ ఉంటాయి. మా దగ్గర నేనూ, ఇద్దరు కుర్రాళ్లూ ఉన్నాం.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) బారిన పడి ఓపీ, అడ్మిషన్లు, ల్యాబు రోజుల తరబడి చేతిరాతతో నడిచినప్పుడు, మాలాంటి ఊళ్లలో ఐటీ చూసేవాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. నీ బ్యాకప్ నెట్‌వర్క్ నుంచి విడిగా ఉందా, పునరుద్ధరణ ఎప్పుడైనా చేసి చూశావా, కాగితం ఫారాలు వార్డుల్లో సిద్ధంగా ఉన్నాయా అని. ఆ ఫోన్ల వల్లే నేను మా బ్యాకప్‌లో ఒక కాపీని నెట్‌వర్క్‌కి అంటకుండా పెట్టించగలిగాను. ఆ తెలిసినవాళ్ల వలయం ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. దాన్ని పెద్దది చేసుకుందామనే మీ దగ్గరికి వచ్చాను. ఇలాంటి సహాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే మీ నియమం బయట నిలబెడుతోంది. సంఘం మంచి కోరేవాడిగా ఇది గట్టిగా చెబుతున్నాను.

ఇక ఫోన్ నంబరు సంగతి. నేను చేరిన వారం నుంచీ స్టోరేజి అమ్మేవాళ్లు, టెలీమెడిసిన్ ప్యాకేజీ వాళ్లు, క్లౌడ్ వాళ్లు వరసగా ఫోన్లు చేస్తున్నారు. ఇద్దరిని నిలదీస్తే మీ సంఘం 'పార్ట్‌నర్ డైరెక్టరీ'లోంచి నంబరు తీసుకున్నామని చెప్పారు. దరఖాస్తు మళ్లీ తెరిచి చూశాను. ఆఖరి పేజీ అడుగున 'భాగస్వాములతో వివరాలు పంచుకోవడానికి అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్ ముందే పెట్టి ఉంది, తీసేయడానికి వీల్లేకుండా. ఆ స్క్రీన్‌షాట్ జతచేశాను.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అందులోని బాధ్యతలన్నీ పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా గడువున్న మాట నిజమే. కానీ సమ్మతి అంటే మనిషి తనంతట తాను, స్పష్టమైన చర్యతో ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. మీ సంఘమే ఆ చట్టం మీద ఆసుపత్రులకి శిక్షణ తరగతులు పెడుతోంది. రోగి సమ్మతి ఎలా తీసుకోవాలో మాకు నేర్పే సంస్థ, తన సభ్యుడి సమ్మతి ఇలా తీసుకోకూడదు. నా నంబరు ఆసుపత్రి అత్యవసరాలకి వాడే నంబరు. ఐసీయూ నుంచి ఫోన్ వస్తుందేమోనని ప్రతి కాల్ ఎత్తుతాను, ఎత్తితే అవతల అమ్మకాల మనిషి.

కాబట్టి నేను కోరేది ఇదీ. నా పని స్వభావం చూసి, ఫోన్లో, వాట్సాప్‌లో మీ ఆఫీసు ఇచ్చిన మాట ప్రకారం నన్ను పూర్తి సభ్యుడిగా మార్చండి. నా పని గురించి మా మెడికల్ సూపరింటెండెంట్ గారు రాసిచ్చిన ధ్రువపత్రం జతచేశాను, మీరు ఆయనతో నేరుగా మాట్లాడినా సరే. అలా మార్చడం కుదరదంటే, జీఎస్టీతో సహా రూ. 17,700 నా ఖాతాకి తిరిగి పంపండి. 'రుసుము వాపసు ఇవ్వబడదు' అన్న నిబంధనని మళ్లీ నాకు చూపించవద్దని మనవి. నేను కొన్నది పూర్తి సభ్యత్వం, మీరిచ్చింది వేరొకటి. ఈ రెండింటిలో ఏది చేసినా, నా నంబరుని డైరెక్టరీలోంచి తీసేసి, ఇప్పటిదాకా ఏయే కంపెనీలకి ఇచ్చారో ఆ జాబితా రాతపూర్వకంగా పంపాలి. సభ్యత్వ అర్హతలు డబ్బు కట్టే పేజీలోనే కనిపించేలా పెట్టాలి. నా తర్వాత చేరబోయే నరసరావుపేట, ఖమ్మం, ఒంగోలు ఆసుపత్రుల ఐటీవాళ్ల కోసం ఇది ప్రత్యేకంగా అడుగుతున్నాను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను, అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అంతవరకూ పోకుండా మీరే సరిదిద్దితే, మా పాక్స్ తరలింపులో నేను నేర్చుకున్నదంతా, కొత్త ఒప్పందంలో రాయించుకున్న డేటా వాపసు క్లాజుతో సహా, క్లోజ్డ్ గ్రూపులో అందరి ముందూ పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

జతపరచినవి: చెల్లింపు రసీదు, వాట్సాప్ సందేశం ప్రతి, స్వాగత మెయిల్, దరఖాస్తు ఆఖరి పేజీ స్క్రీన్‌షాట్, మెడికల్ సూపరింటెండెంట్ గారి ధ్రువపత్రం.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)
మేనేజర్, ఐటీ