జంట పసుపు కోసం

శీనూ,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. నీ మోడల్ రైలు ప్లాట్‌ఫారం ముచ్చటగా కుదిరింది. సిగ్నల్ స్తంభాలకు దీపాలు పెట్టకుండా రంగులు పూసి ఊరుకుంటానన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. పందిరి వేసి పెళ్ళి మానేసినట్టుంటుంది!

దీపాల వరస మన రైల్వేలో ఉన్నట్టే పెట్టు. పైన పసుపు, తరువాత ఆకుపచ్చ, మళ్ళీ పసుపు, అన్నిటికన్నా కింద ఎరుపు. ఎరుపు డ్రైవరు కంటికి దగ్గరగా ఉండాలి కదా.

రైలు నడిపే కంట్రోలరు నుంచి ఈ ఎల్‌ఈడీ దీపాలకు కరెంటు తీయకు. రైలును వెనక్కి నడిపినప్పుడల్లా ప్లస్సు, మైనస్సు తారుమారవుతాయి. ఎదురు వోల్టేజి అయిదు దాటితే చాలా ఎల్‌ఈడీలకు ప్రమాదమే. మీ అటక మీది పాత మోడెం అడాప్టరు 12 వోల్టుల డీసీదైతే అదే చాలు.

కరెంటును అదుపు చేసే రెసిస్టరు నాలుగింటికీ కలిపి ఒకటే సరిపోదా అని అడిగావు. నీ పొదుపు నాకు తెలియనిదా! ఒక్క దీపమే వెలిగేటప్పుడు పరవాలేదు. రెండు పసుపులూ కలిసి వెలిగితే మాత్రం ఉన్న కరెంటునే పంచుకుని రెండూ నీరసిస్తాయి. పైగా ఇప్పటి ఆకుపచ్చ ఎల్‌ఈడీలు కళ్ళు చెదరగొడతాయి. ఎరుపు, పసుపులకు తలా ఒక 2.2 కిలోఓములు పెట్టు, సుమారు 4.5 మిల్లీయాంపులు పారుతుంది. ఆకుపచ్చకు 10 కిలోఓములు పెట్టినా వెలుతురుకు లోటుండదు.

ఇక అసలు సరదా జంట పసుపుది. ఒక్క పసుపైతే తరువాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి, రెండైతే అక్కడ వేగం తగ్గించి వెళ్ళడానికి సిద్ధపడాలి. ఈ తేడా చూపించలేని సిగ్నల్ నాకు బొమ్మతో సమానం. నాలుగు స్థానాల రోటరీ స్విచ్ తీసుకో. దీపాల ప్లస్ కాళ్ళన్నీ కలిపి అడాప్టరు ప్లస్సుకు ఇవ్వు. మైనస్ కాళ్ళు రెసిస్టర్ల ద్వారా స్విచ్‌కు వెళ్ళాలి, స్విచ్ మధ్య కాలు అడాప్టరు మైనస్సుకు. కింది పసుపు ఒంటి పసుపు స్థానానికి, పై పసుపు జంట పసుపు స్థానానికి. ఆ రెండు స్థానాల మధ్య, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే 1ఎన్4148 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు జంట పసుపు కేసి. అప్పుడు జంట స్థానంలో రెండూ వెలుగుతాయి, ఒంటి స్థానంలో పైది వెలగదు. ఒక్క డయోడ్ ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

స్తంభానికి సన్నని ఇత్తడి గొట్టం, లోపల ఎనామిల్ పూత ఉన్న వైండింగ్ వైరు వాడు. వైరు కొసల మీది ఎనామిల్ పోకుండా సోల్డర్ అంటదు, గీకెయ్. గొట్టంలో దూర్చేముందు ఒక్కొక్క దీపాన్నీ మల్టీమీటరుతో వెలిగించి చూడు, తరువాత లాగడం నరకం.

సంక్రాంతికి వస్తున్నాను. స్విచ్‌లు నేను తెస్తాను, నువ్వు గొట్టాలు కోయించి ఉంచు. పిన్నిగారికి నమస్కారాలు.

నీ
మురళి