రెండు చేతులూ కనపడేలా ఒక ఫోటో

శ్రీకాళహస్తి

చి. సుజాతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. రెండు రోజులు ముసురు పట్టింది. పెరట్లో మునగచెట్టు కొమ్మ విరిగి ప్రహరీ మీద పడింది. అవ్వ మోకాళ్లు ఎప్పటిలాగే. గోవిందు కొత్త మోటారు బిగించాడు కానీ ట్యాంకు నిండటానికి గంట పడుతోంది. పెద్ద విశేషాలేమీ లేవు, ఊరికే రాయాలనిపించింది.

కొమ్మ విరిగిందంటే గుర్తొచ్చింది. మ్యూనిక్ నుంచి రమణమ్మ పిన్ని కొడుకు ఫోన్ చేసి, మాటల్లో మాటగా, "అక్క స్కీయింగ్‌లో పడిందంట కదా పెదనాన్నా" అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకుని, కరెంటు పోయింది మళ్లీ చేస్తానని పెట్టేశాడు. మ్యూనిక్‌లో కరెంటు పోవడమేంటి? సరే, వాడి మాటలకేంలే, నేను పట్టించుకోలేదు.

నిన్న మునిరత్నం మామ పేపరు పట్టుకొచ్చాడు. అమరావతి క్వాంటం వ్యాలీకి ఐబీఎం వాళ్ల 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటర్ వస్తుందని వేశారు. క్యూబిట్ అంటే అందులో లెక్క కట్టే చిన్న ముక్క. "మీ అమ్మాయి వాళ్లవి ఎన్నిరా?" అన్నాడు. 2021లో ఇన్స్‌బ్రుక్‌లో మీ వాళ్లు 24 అయాన్లను, అంటే ఎలక్ట్రాన్ ఊడగొట్టిన పరమాణువులను, క్యూబిట్లుగా వాడి ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూపించారని చెప్పాను. నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఐబీఎం చిప్ మీద ఉన్న క్యూబిట్లు పక్కవాటితోనే మాట్లాడతాయి, మీ వరసలో ఏ అయాన్ ఏ అయాన్‌తోనైనా మాట్లాడగలదు, లెక్క ఒక్కటే చూస్తే ఎలా అని వాదించాను. పైగా ఫ్యాక్టరీలో చేసిన రెండు చిప్‌లు అచ్చంగా ఒకేలా రావు, కాల్షియం పరమాణువు శ్రీకాళహస్తిలోనైనా ఇన్స్‌బ్రుక్‌లోనైనా ఒక్కటే. కరెక్టేనా నేను చెప్పింది? తప్పయితే మామకు చెప్పకు.

నువ్వు పోయినసారి వచ్చినప్పుడు అవ్వ సున్నం డబ్బాలోంచి గోటితో కాస్త గీకి, "ఇందులో ఉండే కాల్షియమే నాన్నా" అన్నావు. ఒక్కో పరమాణువులోంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి, గాలి లేని పెట్టెలో దేనికీ తగలకుండా నిలబెడతారనీ, లేజర్‌తో చల్లబరిస్తే బుద్ధిగా వరస కడతాయనీ, కెమెరాలో ముగ్గు చుక్కల్లా మెరుస్తాయనీ చెప్పావు. అంతా రెండే రెండు 19 అంగుళాల ర్యాకుల్లో! ఎక్స్ఛేంజ్‌లో ముప్పయ్యేళ్లు ర్యాకుల మధ్య తిరిగినవాణ్ణి, నాకు ఆ మాట అర్థమైనంతగా ఆ క్వాంటం అర్థం కాలేదు. కరెంటు కూడా 2 కిలోవాట్ల లోపేనట, మన గీజరంత. 1995లో అయాన్లతో కంప్యూటర్ చేసే ఈ దారి చూపించిన ఇద్దరు శాస్త్రవేత్తల్లో ఒకాయన, జోల్లర్ గారు, 2018లో మీ కంపెనీ ఆల్పైన్ క్వాంటం టెక్నాలజీస్ పెట్టినవాళ్లలో ఉన్నారని ఇక్కడ కనపడినవాళ్లందరికీ చెప్తుంటాను. పోస్ట్‌మాస్టర్‌కు రెండుసార్లు చెప్పానని మీ అమ్మ అంటోంది.

పొద్దస్తమానం కాల్షియాన్ని దేనికీ తగలకుండా కాపాడే పిల్ల, ఒంట్లో ఉన్న కాల్షియం సంగతి చూసుకోదా?

నేనేం అనడం లేదు. వీడియోలో చివరిసారి కాఫీ కప్పు ఎడమ చేత్తో పట్టుకున్నావు. కుడిచెయ్యి కెమెరాలోకే రాలేదు. అది జరిగి 19 రోజులు. అప్పట్నుంచి వీడియో లేదు. పేజీలకు పేజీలు టైప్ చేసేదానివి, ఇప్పుడు వాయిస్ మెసేజ్, లేదా బొటనవేలు బొమ్మ. కొండల మీంచి ఆ వెచ్చటి ఫ్యోన్ గాలి దిగింది, తలనొప్పి అన్నావు. తలనొప్పయితే కెమెరా ఆపడమెందుకు?

ఏడో తరగతిలో నీ సంగతి నాకు గుర్తుంది. రైల్వే గేటు దగ్గర సైకిల్ మీంచి పడి, ఆ సైకిల్ మళ్లీ ఇవ్వనేమోనని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చున్నీ కింద చెయ్యి దాచుకుని తిరిగావు. హోంవర్క్ సరస్వతితో రాయించావు. మీ అమ్మ చూడలేదు, నేను నైట్ డ్యూటీ. రెండో రాత్రి అవ్వ సంగటి పెట్టి, పప్పులో వేలు ముంచుకుంటూ నీ వంక చూసిందంట. నువ్వు స్పూన్ అడిగావు. ఎడమ చేత్తో, సంగటిని, స్పూన్‌తో! మన వంశంలో సంగటిని స్పూన్‌తో తిన్నదానివి నువ్వొక్కదానివే. అవ్వ ఏమీ అనకుండా చున్నీ పక్కకు లాగింది. మణికట్టు వంకాయలా ఉంది. తెల్లారుజామున పుత్తూరు బస్సెక్కాం. కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు అక్కడి ఎముకల వైద్యుడు. నువ్వు ఏడవలేదు, నా చొక్కా జేబు మాత్రం చింపావు. దార్లో "సైకిల్ అమ్మేస్తావా నాన్నా" అని ఒకే ప్రశ్న. అమ్మానా నేను?

మీది 1964లో, 1976లో వింటర్ ఒలింపిక్స్ జరిగిన ఊరు. అక్కడి పిల్లలు నడక రాగానే స్కీలు తొడుక్కుంటారేమో. నీకు ఇరవై మూడేళ్లదాకా తెలిసిన మంచు మన ఫ్రిజ్‌లోదే. పోవద్దనను. నేర్పేవాళ్లతో పో, హెల్మెట్ పెట్టుకో, చీకటి పడకముందే దిగు, ఇన్సూరెన్స్ కాగితం ఎక్కడుందో చూసుకో, ఎముక సరిగ్గా అతక్కముందే ల్యాబ్‌కు పరిగెత్తకు. లేజర్ అద్దాలు సవరించడానికి రెండు చేతులూ కావాలి కదా? లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను, ఇక ఆపుతా.

పార్సిల్‌లో రాగిపిండి 3 కిలోలు, నువ్వుండలు, ఎండబెట్టిన మునగాకు పొడి పంపుతున్నాం. మునగాకు ఆ విరిగిన కొమ్మదే. పిండి ఉండ కట్టకుండా ముందు చన్నీళ్లలో కలుపుకో. కలపడానికి ఒక చెయ్యి చాలదు కాబట్టి, ఇంకెవరినైనా గరిటె తిప్పమను.

నీ చేతులు రెండూ కనపడేలా ఒక ఫోటో పెట్టు. ర్యాకుల దగ్గరదైనా ఫర్వాలేదు. కట్టు ఉంటే ఉండనీ, కట్టుతోనే పెట్టు. అవ్వకు చూపించను. ఆమెకు ఎట్లాగూ తెలుసు, మొన్నట్నుంచీ నీ పేరు మీద దక్షిణామూర్తికి దీపం పెట్టిస్తోంది.

మీ నాన్న