మన కాలనీ సంక్షేమ సంఘం, విజయవాడ: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కాలవల్లో పూడికతీత, వీధి దీపాలు, వినాయక చవితి పందిరి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది మనందరినీ ఎక్కువగా మాట్లాడించింది మాత్రం పార్కు మూలన వేసిన మందుమొక్కల మడి. అందుకే దాని గురించే కాస్త వివరంగా రాస్తున్నాను.

చర్చ దసరాకి మొదలైంది. ఇంద్రకీలాద్రికి వెళ్లొచ్చిన కొందరు సభ్యులు దారిలో ‘సంజీవని’ అని అమ్ముతున్న ఎండు మొక్కలు కొనుక్కొచ్చారు. పిడికిలిలా ముడుచుకుపోయిన ఆ మొక్క నీళ్లలో వేస్తే కొన్ని గంటల్లో విచ్చుకుంటుంది. ఇక ఇళ్లలో ఒకటే హడావిడి. మోకాళ్ల నొప్పులకు కషాయం కాచుకోవచ్చా అని అడిగినవారూ ఉన్నారు. అది సెలాజినెల్లా బ్రయాప్టెరిస్ అనే మొక్క. రాతి కొండల మీద పెరుగుతుంది. వానల్లేనప్పుడు ముడుచుకోవడం, తడి తగిలితే విప్పారడం దాని బతుకు తీరు. అంతమాత్రాన మన మోకాళ్లు బాగుపడతాయని కాదు.

కార్తీక వనభోజనాల రోజున విశ్రాంత ఆయుర్వేద వైద్యులొకరిని పిలిచి ఈ విషయమే మాట్లాడించాం. సంజీవని అంటే ఒక్క మొక్కే అని మనలో చాలామంది అనుకుంటున్నాం. వాల్మీకి యుద్ధకాండలో జాంబవంతుడు హనుమంతుడికి చెప్పినవి నాలుగు: పోయిన ప్రాణం తిరిగి తెచ్చే మృతసంజీవని, ఒంట్లో దిగిన ములుకుల్ని తీసే విశల్యకరణి, చర్మానికి మునుపటి రంగు తెచ్చే సావర్ణ్యకరణి, తెగినదాన్ని అతికించే సంధానకరణి. యుద్ధంలో దెబ్బతిన్నవాడికి ఇంకేం కావాలి!

వాడిన తీరు ఇంకా బాగుంది. ఇంద్రజిత్తు అస్త్రానికి పడిపోయిన రామలక్ష్మణులు ఆ ఓషధుల వాసన పీల్చే లేచారు. తరవాత రావణుడి శక్తి తగిలి లక్ష్మణుడు కూలినప్పుడు వానర వైద్యుడు సుషేణుడు మూలికను నలిపి ముక్కులో వేశాడు. ముక్కు ద్వారా మందు ఇచ్చే ఈ పద్ధతిని నస్యం అంటారని, ఇప్పటికీ చేస్తారని డాక్టరు గారు చెప్పారు. ఆ సందర్భంలోనే హనుమంతుడంతటివాడు మూలికను గుర్తుపట్టలేక శిఖరాన్నే పెకలించుకొచ్చాడు. మనమేమో ఫోన్‌లో ఫొటో చూసి ఆకు కోసేస్తున్నాం.

2009లో కర్ణాటక శాస్త్రవేత్తలు సంజీవని కాగల మొక్కల్ని వడబోసి ఒక వ్యాసం ప్రచురించారు. చివరికి మిగిలిన కొద్ది మొక్కల్లో ఈ సెలాజినెల్లా కూడా ఉంది. కచ్చితంగా ఇదే అని మాత్రం వాళ్లూ తేల్చలేదు.

మన మడిలో ప్రస్తుతం తులసి, నేలవేము, అడ్డసరం, వాము ఆకు, సరస్వతి ఆకు, తిప్పతీగ ఉన్నాయి. ఏ జబ్బుకి ఏ ఆకో బోర్డులు రాయించమని కొందరు పెద్దలు గట్టిగా అడిగారు. కమిటీ ఒప్పుకోలేదు, పేర్లు మాత్రమే రాయించింది. షుగర్ మాత్రలు వేసుకునేవారు దాని మీద తిప్పతీగ రసం కూడా తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. బోర్డు చూసి తాగి ఎవరైనా కళ్లు తిరిగి పడితే జవాబు చెప్పాల్సింది సంఘమే. ఈ విషయంలో అలిగినవారు సమావేశానికి తప్పక రావాలని కోరుతున్నాను.

ఇక బెజవాడ ఎండలు తెలిసినవే. ఏప్రిల్, మే నెలల్లో మడికి పొద్దునా సాయంత్రం తడి పెట్టడానికి ఇంటికొకరి చొప్పున వంతులు వేశాం. ఊళ్లకు వెళ్లేవారు వాచ్‌మన్‌కి అప్పగించి వెళ్లకుండా, తమ వంతు ఎవరు చూస్తారో కమిటీకి ముందే చెప్పాలి. అడ్డసరం కొమ్మలు నాటుకోవాలనుకునేవారు సమావేశం అయ్యాక తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి