లౌడన్ కౌంటీ చైర్ గారికి బహిరంగ లేఖ: రిచ్‌మండ్‌కు ఒంటరిగా వెళ్లకండి

బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ చైర్ గారికి నమస్కారం.

యాష్‌బర్న్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ తెలుగువాళ్లలో నేనొకణ్ణి. డేటా సెంటర్ల కంప్యూటర్ పరికరాలపై వచ్చే పన్ను మన బడులకూ రోడ్లకూ ఎంత ఆసరాయో తెలుసు. దాన్ని వదులుకోమనడం లేదు.

కరెంటు లెక్క వేరు. వర్జీనియాలో కరెంటు వాడకం పన్నులో స్థానిక వాటా నెలకు మొదటి 2,500 యూనిట్ల వరకు యూనిట్‌కు 0.038 సెంట్లు. 50,000 యూనిట్లు దాటిన వాడకానికి 0.018 సెంట్లే! ఇంట్లో హీటరు వేసుకునేవాళ్ల కంటే వేల సర్వర్లు నడిపేవాళ్లకు రేటు సగంకన్నా తక్కువ. ఇది అన్యాయం. ఈ శ్లాబులు మార్చాల్సింది రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లోని శాసనసభ. అక్కడ ఒక్క కౌంటీ గొంతు వినబడదు.

డేటా సెంటర్ల పెరుగుదలకు అదుపు లేకపోతే పదేళ్లలో రాష్ట్ర విద్యుత్ డిమాండ్ రెట్టింపవుతుందని శాసనసభ సమీక్షా సంఘమే 2024 డిసెంబరులో చెప్పింది. హైటెన్షన్ లైన్లు కౌంటీ సరిహద్దు దగ్గర ఆగవు కదా. అయినా మనమూ ప్రిన్స్ విలియం కౌంటీ ఒకే కంపెనీల కోసం పోటీపడుతున్నాం.

25 మెగావాట్లు, ఆపైన వాడే డొమినియన్ విద్యుత్ సంస్థ వినియోగదారులకు, కరెంటు రేట్లు ఖరారు చేసే స్టేట్ కార్పొరేషన్ కమిషన్ 2025లో ప్రత్యేక టారిఫ్ తరగతి పెట్టింది. 2027 నుంచి అమలు. మంచి అడుగే, కానీ కమిషన్ ముందుకొచ్చే తర్వాతి కేసుల్లో మన తరఫున వాదించేదెవరు?

ప్రిన్స్ విలియం, ఫేర్‌ఫాక్స్ బోర్డులతో వెంటనే మాట్లాడండి. ముగ్గురూ కలిసి ఒక న్యాయవాదినీ ఒక టారిఫ్ నిపుణుణ్ణీ నియమించుకోండి. శ్లాబుల సవరణపై ఉమ్మడి తీర్మానాన్ని వచ్చే శాసనసభ సమావేశాలకు ముందే పంపండి.

ఇట్లు,
యాష్‌బర్న్ నివాసి