ఈ వేసవి నుంచి మా ఆర్వీ రూట్లు మారుతున్నాయి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

లాస్ వేగస్‌లో మా దగ్గర ఆర్వీ, అంటే లోపలే పడకలు, వంటగది ఉన్న పెద్ద బండి, అద్దెకు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు కుటుంబాలే. బండితో పాటు ఏ రోజు ఎక్కడ ఆగాలి, ఏ రోడ్డు పట్టుకోవాలి అన్నది కూడా మేమే రాసి ఇస్తాం. ఆ రూట్లలో ఈసారి పెద్ద మార్పులు చేశాం. కొన్ని మీకు నచ్చకపోవచ్చు. ఎందుకు చేశామో మీకు నేరుగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు యూటాలోని జయాన్ నేషనల్ పార్కు సంగతి. జయాన్ నుంచి బ్రైస్ కాన్యన్ పార్కుకు ఇన్నాళ్లూ దగ్గరి దారి పార్కులోంచి వెళ్లే మౌంట్ కార్మెల్ సొరంగం. 1930లో పూర్తయింది, పొడవు 1.1 మైళ్లు. ఆనాటి బళ్ల కొలతలకు తొలిచిన సొరంగం కాబట్టి పెద్ద ఆర్వీ మలుపుల్లో తన లేన్‌లో పట్టదు. అందుకే మనం 15 డాలర్ల పర్మిట్ తీసుకుంటే, పార్కు రేంజర్లు ఎదురుగా వచ్చే బళ్లను ఆపి, మనల్ని వదిలేవారు. 2026 జూన్ 7 నుంచి ఆ వెసులుబాటు లేదు. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు, పొడవు 35 అడుగుల 9 అంగుళాలు. వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ రోడ్డు మీదికి రానివ్వరు. మా బళ్లలో అన్నిటికన్నా చిన్నది కూడా ఎత్తులో, వెడల్పులో దాటిపోతుంది. మీ ఫోన్‌లో మ్యాప్ మాత్రం ఆ దారినే చూపించవచ్చు. మీరు కారులో ఉన్నారన్న లెక్కతోనే అది దారి చెబుతుంది. దయచేసి దాన్ని నమ్మి వెళ్లకండి.

మా కొత్త రూటు ఇది. జయాన్ చూశాక స్ప్రింగ్‌డేల్ నుంచి వెనక్కి హరికేన్ అనే ఊరికి రావాలి. అక్కడ యూటా 59వ నంబరు రోడ్డు ఎక్కాలి. అదే అరిజోనాలోకి రాగానే 389 అవుతుంది. ఫ్రెడోనియా మీదుగా కనాబ్ చేరి, అక్కడి నుంచి 89 మీద బ్రైస్ వైపు. పాత దారితో పోలిస్తే గంటకు పైనే ఎక్కువ. అందుకే ఆ రోజు బ్రైస్ దాకా లాగకుండా కనాబ్ దగ్గర రాత్రి బస పెట్టాం. ఆ దగ్గర్లోనే కోరల్ పింక్ ఇసుక దిబ్బలున్నాయి. సాయంత్రం ఎండ తగ్గాక పిల్లల్ని అక్కడ వదిలితే ఒక పట్టాన వెనక్కి రారు. నన్నడిగితే పాత రూటు కన్నా ఇదే మంచి రూటు. ఒక రాత్రి అద్దె మాత్రం పెరుగుతుంది, అది నిజం.

ఇక డెత్ వ్యాలీ. జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా ఆ రూటుకు బండి ఇవ్వం.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది వేసవిలోనే, పిల్లలకు సెలవులూ అప్పుడే. వేగస్ దాకా వచ్చి రెండు గంటల దూరంలో ఉన్నది చూడకుండా ఎలా వెళ్తామని అడుగుతారు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఇది 1913లో ఫర్నెస్ క్రీక్ దగ్గర 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైన లోయ. ఇప్పటికీ జులైలో 120 దాటడం మామూలు. 2024 జులైలో మోటారు సైకిళ్ల మీద వెళ్లిన ఒక బృందంలో ఒకరు ఆ వేడికి చనిపోయారు. ఆ రోజు 128 డిగ్రీలు. అంత వేడిలో గాలి పలచబడి హెలికాప్టర్లు క్షేమంగా ఎగరలేవు కాబట్టి, మిగిలినవాళ్ల కోసం కూడా హెలికాప్టర్ రాలేకపోయింది.

ఆర్వీలో ఏసీ ఉంది కదా అంటారు. పైకప్పు మీది ఏసీ బయటికన్నా ఇరవై డిగ్రీలు తగ్గించగలిగితే గొప్ప. బయట 120 ఉంటే లోపల వందే. అసలు ఇబ్బంది లోయలోంచి పైకెక్కేటప్పుడు. స్టోవ్‌పైప్ వెల్స్ దాదాపు సముద్ర మట్టానికే ఉంది. అక్కడి నుంచి సుమారు 17 మైళ్లలో టౌన్ పాస్ అనే కనుమకు, అంటే 4,956 అడుగులకు ఎక్కాలి. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని ఆ ఎక్కుడు దారుల్లో రోడ్డు పక్కన బోర్డులే ఉంటాయి. ఏసీ ఆపి, వెనక సీటులో డెబ్బై ఏళ్ల నాన్నగారిని కూర్చోబెట్టుకుని, 120 డిగ్రీల్లో అంత నిటారు ఘాట్ ఎక్కడం! బండి ఆగిపోతే చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, టో ట్రక్కు రావడానికి గంటలు పడుతుంది. ఎంత అద్దె వచ్చినా ఆ టెన్షన్ నేను భరించలేను. ఈ నిర్ణయంతో మాకు వేసవి బుకింగ్‌లు కొన్ని పోతాయి, పోనివ్వండి.

నవంబరు నుంచి మార్చి దాకా రండి, సంతోషంగా పంపిస్తాం. సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ దగ్గర ఉప్పు మీద పిల్లలతో కలిసి నడవచ్చు. ఆర్టిస్ట్స్ డ్రైవ్ చూడాలనుకునేవాళ్లు చిన్న బండి అడగండి, పొడవు 25 అడుగులు దాటితే అక్కడికి రానివ్వరు. వానల కబురు కూడా చూసుకోవాలి. 2023 ఆగస్టులో హిలరీ తుపాను వరదకు రోడ్లు కొట్టుకుపోయి, పార్కు అక్టోబరు దాకా తెరవలేదు.

వేసవిలో కొండలు కావాలనుకునేవాళ్లకు మరో దారి వేశాం. వేగస్ నుంచి 95 మీద ఉత్తరంగా బీటీ, గోల్డ్‌ఫీల్డ్ మీదుగా టోనోపా. ఊరు ఆరు వేల అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి రాత్రి చల్లబడుతుంది. ఆకాశం ఎంత నల్లగా ఉంటుందంటే పాలపుంత కంటికి తెలుస్తుంది, పెద్దవాళ్లకు కుర్చీలు వేసి కూర్చోబెట్టండి. పొద్దున్నే అక్కడ పెట్రోలు ట్యాంకు పూర్తిగా నింపుకుని, 6వ నంబరు రోడ్డు మీద బిషప్, అక్కడి నుంచి 395 మీద మామత్ లేక్స్, లీ వైనింగ్. బిషప్ దాటాక షెర్విన్ గ్రేడ్ పొడవైన ఎక్కుడు, తొందరపడకండి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు ఇంజిన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. లీ వైనింగ్ నుంచి యోసెమిటీ పార్కులోకి తీసుకెళ్లే టియోగా పాస్‌కు, అంటే దాదాపు 9,940 అడుగులకు ఎక్కేసరికి ముప్పై శాతం దాకా పోతుంది. బండి మూలుగుతుంది, అది చెడిపోయినట్టు కాదు. కుడి లేన్‌లో ఉండి, వెనక వచ్చేవాళ్లకు దారి ఇవ్వండి.

టియోగా రోడ్డు మంచు మీద ఆధారపడుతుంది. 2023లో జులై 22 దాకా తెరవలేదు. కాబట్టి జూన్ బుకింగ్‌లకు యోసెమిటీ లోయను మేము హామీగా రాయం, రోడ్డు తెరిస్తే కలుపుతాం. టియోగా మూసి ఉంది కదా అని 108 మీద సొనోరా పాస్ ఎక్కాలనుకోవద్దు. అక్కడి ఎక్కుడు వాలు 26 శాతం దాకా ఉంటుంది, ఆర్వీకి పనికిరాదు.

దిగేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. తిరుమల ఘాట్‌లో బస్సు డ్రైవర్లు గేరు తగ్గించి ఎలా దించుతారో అలాగే దించాలి. టో హాల్ (Tow/Haul) బటన్ నొక్కితే బండి తనే గేరు తగ్గిస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచేయకండి. బ్రేకులు కాలిన వాసన వస్తే పక్కన ఆపి, పూర్తిగా చల్లారాకే కదలండి. బండి ఇచ్చే రోజు పార్కింగ్ లాట్‌లో కాకుండా ఒక నిజమైన దిగుడు మీద మీతో నేనే నడిపిస్తాను. దానికి అరగంట ఎక్కువ పడుతుంది, ఆ సమయం ఉంచుకుని రండి.

వంట విషయం చాలామంది అడుగుతారు. ఎనిమిది వేల అడుగుల పైన నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, లేదా మా దగ్గర అడిగితే ఇస్తాం. ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కర్, మైక్రోవేవ్ కలిపి పెడితే 30 ఆంప్ బ్రేకర్ పడిపోతుంది.

గంటల తేడా కూడా చూసుకోండి. యూటా నెవాడా కన్నా గంట ముందుంటుంది. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు, కానీ ఆ రాష్ట్రంలోనూ విస్తరించిన నవాహో నేషన్, అంటే నవాహో ఆదివాసుల సొంత పాలనలోని ప్రాంతం, మారుస్తుంది. పేజ్‌లో యాంటిలోప్ కాన్యన్ టూర్లు అరిజోనా టైముకే నడుస్తాయి. నవాహో నేషన్‌లోని మాన్యుమెంట్ వ్యాలీ నుంచి అక్కడికి వచ్చేవాళ్లు తికమకపడతారు, అందుకే ఇకపై మీ రూటు కాగితంలో ప్రతి చోటా ఏ టైమో పక్కనే రాస్తాం.

రోజుకు సుమారు 200 మైళ్లకు మించి మేము రూటు వేయం. ఇంకా ఎక్కువ చుట్టేయాలనుకుంటే కారు, హోటళ్లు మేలు, అది కూడా నేను మొహమాటం లేకుండా చెబుతాను.

బుక్ చేసేటప్పుడు పెద్దవాళ్ల వయసు, బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నాయా, ఎంతమంది నడుపుతారు అన్నది రాయండి. దాన్నిబట్టే రాత్రి బసలు ఎంత ఎత్తులో పెట్టాలో చూస్తాం. ఇప్పటికే ఈ వేసవికి డెత్ వ్యాలీ కలిపి బుక్ చేసుకున్నవాళ్లు టోనోపా రూటుకు మారవచ్చు, అదే బండిని చలికాలానికి జరుపుకోవచ్చు, లేదా డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. ఏది కావాలో ఒక మెసేజ్ పెట్టండి. కోత ఏమీ ఉండదు.